ఒహాయో లోయ గాజుసామాను, కొలిములు వెలిగిన రోజులు

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు అమెరికాలో ఏ మూల చూసినా ఉంటారు. ఆ గుడి నుంచి తూర్పుగా ఓ అరగంట వెళ్తే జనెట్ అనే ఊరు, దాన్ని ఆనుకుని గ్రేప్‌విల్ వస్తాయి. పడమటి వైపు ఒహాయో నది వెంట దిగితే వీలింగ్, మార్టిన్స్ ఫెర్రీ, బెల్లెయిర్, ఇంకా కిందికి పోతే విలియమ్స్‌టౌన్. అమెరికా ఇళ్ళలో షోకేసుల్లోకి, పండగపూట భోజనాల బల్లల మీదికి చేరిన రంగు గాజులో చాలా భాగం ఈ చుట్టుపక్కల పుట్టిందే. ఇసుక ఉంది, బొగ్గు ఉంది, సరుకు ఎగుమతికి నది ఉంది. వీటన్నిటినీ మించి నేల కింద సహజవాయువు చవగ్గా దొరికింది. గాజు కొలిమిని రాత్రీ పగలూ ఆరనివ్వకూడదు. అందుకని గ్యాసు ఎక్కడ చవకైతే ఫ్యాక్టరీ అక్కడ వెలిసేది.

గుడి 1970ల్లో లేచింది. జనెట్ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. గ్రేప్‌విల్‌లో 1889 నుంచి నడిచిన వెస్ట్‌మోర్‌ల్యాండ్, బెల్లెయిర్‌లోని ఇంపీరియల్ రెండూ 1984లో పోయాయి. మనవాళ్ళు అక్కడ ఇళ్ళు కొనుక్కుని స్థిరపడుతున్న కాలంలోనే కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయన్నమాట. తాతమ్మల నాటి గాజంతా పాత పేపర్లలో చుట్టుకుని గరాజ్ సేల్స్‌కీ, శనాదివారాల ఫ్లీ మార్కెట్లకీ వచ్చి పడింది. వాటి విలువ అమ్మేవాళ్ళకీ తెలియదు, కొనేవాళ్ళకీ తెలియదు. విలియమ్స్‌టౌన్‌లో ఫెంటన్ మాత్రం 2011 దాకా నిలబడింది. ఆ రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు అదృష్టవంతులు. సందర్శకుల్ని లోపలికి రానిచ్చి, పని జరుగుతుండగానే చూపించేవారు. పాత గాజుని గుర్తుపట్టడం రావాలంటే ముందు ఆ పని తెలియాలి. పుస్తకాలు ఆ తర్వాతి మాట.

ఫ్రాంక్, జాన్ ఫెంటన్ అన్నదమ్ములు 1905లో మార్టిన్స్ ఫెర్రీలో మొదలుపెట్టింది గాజు తయారీ కాదు. ఇతరుల దగ్గర సాదా గాజు కొని, దాని మీద రంగులు వేసి అమ్మేవారు. కొన్నాళ్ళకి ఆ గాజు అందడం ఆగిపోవడంతో సొంత కొలిమి పెట్టుకోక తప్పలేదు. 1907 మొదట్లో విలియమ్స్‌టౌన్‌లో ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది చివర్లో, మెరిసే పూతతో అచ్చుగాజు బయటికి వచ్చింది. వాళ్ళు దానికి పెట్టిన పేరు ఇరిడిల్. ఇప్పుడు అందరూ అనే కార్నివాల్ గ్లాస్ అన్న పేరు దశాబ్దాల తర్వాత సేకరణదారులు పెట్టింది. అమ్ముడుపోని సరుకుని జాతరల్లో గురి కొట్టే ఆటలకి బహుమతులుగా ఇచ్చేసేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అంతకు పదేళ్ళ పైచిలుకు ముందే, 1890ల్లో టిఫనీ అనే అమెరికన్ గాజు కళాకారుడు ఫావ్రిల్ అనే పేరుతో ఇలాంటి మెరుపునే ఊదిన గాజు మీద చూపించాడు. అది శ్రీమంతుల సరుకు. దాన్ని అచ్చులో నొక్కి, పది సెంట్ల దుకాణంలో అందరికీ అందేలా చేసింది ఈ లోయవాళ్ళే.

పని ఇలా సాగేది. ఒక్కో అచ్చుకి ఒక జట్టు. ఒకతను ఇనుప కడ్డీ కొసకి కరిగిన గాజు ముద్దని చుట్టుకొచ్చి అచ్చు మీద వేలాడదీస్తాడు. అచ్చు దగ్గర నిలబడ్డ మనిషి కావలసినంత జారగానే కత్తెరతో తెగ్గొట్టి, మీట లాగి, గాజుని అచ్చులోకి నొక్కే ఇనుప దిమ్మని పైనుంచి దించుతాడు. ఇక్కడ తూకమంతా అతని కంటిలోనే. ముద్ద తక్కువైతే అంచు నిండదు, ఎక్కువైతే అడుగు మందమై బరువు తేలుతుంది. కత్తెర పడ్డచోట గాజు ఓ క్షణం ముందు చల్లారి, పళ్ళెం లోపల సన్నని గీతగా మిగిలిపోతుంది. కొత్తవాళ్ళు దాన్ని పగులనుకుని మంచి వస్తువుని వదిలేస్తారు. తేడా పట్టడం తేలికే. గోరు అడ్డంగా గీస్తే ఆ గీతకి తగలదు, దీపం ముందు తిప్పినా వెలగదు. నిజమైన పగులైతే ఏదో ఒక కోణంలో వెండి తగడు మెరిసినట్టు తళుక్కుమంటుంది.

అచ్చు తెరిచాక వస్తువుని అడుగున పట్టే బిగింపు కడ్డీకి తగిలించి, మళ్ళీ కొలిమి నోట్లో పెట్టి మెత్తబరుస్తారు. అసలు చేతివాటం ఇక్కడే. అచ్చులోంచి వచ్చేది నిటారు గోడల గిన్నె ఒక్కటే. పనివాడు చెక్క పనిముట్టుతో అంచుని విచ్చదీసి కుచ్చులు పోస్తే ఒక రకం, కుచ్చులు లేకుండా అంచుని లోపలికి తిప్పితే ఐస్‌క్రీమ్ గిన్నె, రెండు వైపులా పైకి మడిస్తే అరటిపళ్ళ గిన్నె, పూర్తిగా పరిచేస్తే పళ్ళెం. పూలకుండీల సంగతి ఇంకా బావుంటుంది. పొట్టి అచ్చులోంచి తీసిన వేడి కుండీని కడ్డీ పట్టుకుని ఊపుతారు, ఊపిన కొద్దీ మెడ సాగుతుంది. ఒకే అచ్చులో పుట్టిన రెండు కుండీలు ఒకటి ఏడంగుళాలు, ఇంకొకటి పదిహేనంగుళాలు ఉండటం ఇందుకే. కాబట్టి ఎత్తు చూసి జత కుదరలేదని బెంగపడనక్కర్లేదు. అచ్చు మారనిది అడుగున మాత్రమే, జత కలిసిందో లేదో తేల్చాలంటే అడుగు వ్యాసం కొలవండి.

పళ్ళేలు గిన్నెలకంటే అరుదు, ధర కూడా ఎక్కువ. ఆ ఆశతో లోతు తక్కువ గిన్నెల్ని పళ్ళేలని అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. తొమ్మిదంగుళాల పళ్ళేన్ని బల్ల మీద పెట్టి స్కేలుతో కొలిస్తే అంచు రెండంగుళాలకి మించకూడదని సేకరణదారుల్లో ఓ మాట ఉంది. మించితే అది గిన్నె, గిన్నె ధరే ఇవ్వాలి.

ఇక మెరుపు. ఇనుము, తగరం క్లోరైడు లవణాలు కలిపిన ద్రావణాన్ని వేడి గాజు మీద పిచికారీ కొడతారు. దాన్ని వాళ్ళు డోప్ అనేవారు. ఇనుపది నారింజ ఛాయ ఇస్తుంది, తగరానిది తెల్లని, మంచురంగు మెరుపు. ఏది కొట్టారన్నదాని కంటే ఎప్పుడు కొట్టారన్నది ముఖ్యం. ఆకారం తీర్చేశాక కొడితే పూత అద్దంలా నునుపుగా కూర్చుంటుంది. ఒహాయోలోని మిల్లర్స్‌బర్గ్ సరుకు ఈ నునుపుకే పేరుపడింది. అది జాన్ ఫెంటన్ 1909లో విడిగా పెట్టుకున్న ఫ్యాక్టరీ. రెండేళ్ళకే, 1911లో దివాలా తీసింది. అంత తక్కువ కాలమే నడిచింది కాబట్టే ఇవాళ ఆ గిన్నెల కోసం జనం పోటీపడతారు. పూత ముందు కొట్టి, తర్వాత గాజుని సాగదీస్తే ఆ సన్నని పొర సాగలేక ఉల్లిపొరలా చిట్లుతుంది. దానికి స్ట్రెచ్ గ్లాస్ అని పేరు. రెండూ మంచివే, రుచుల తేడా అంతే.

మంచి ఊదా గిన్నెని కిటికీ దగ్గర చేతుల్లో తిప్పితే నెమలికంఠం పట్టుచీర కుచ్చిళ్ళలో కనిపించే ఆకుపచ్చ, నీలం, రాగి రంగులు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. అది చూసి మనసు పారేసుకోకండి. కార్నివాల్‌లో వస్తువు రంగంటే పూత రంగు కాదు, లోపలి గాజు రంగు. తెలుసుకోవాలంటే బోర్లించి, పూత పడని అడుగు చట్రాన్ని వెలుతురుకి ఎత్తి పట్టాలి. పైన నారింజ, అడుగున రంగులేని గాజు ఉంటే మారిగోల్డ్, ఎక్కువగా దొరికేది ఇదే. అడుగు ఊదాగా కనిపిస్తే మాంగనీసు, ముదురు నీలమైతే కోబాల్టు. ఇంటి దీపం కింద నల్లగా అనిపించేవాటిలో ఎక్కువ భాగం ఎండలో పెడితే ముదురు ఊదా అని తేలతాయి. అంచు పాలరంగులో ఉండి పైన నారింజ మెరుపున్నది పీచ్ ఒపాల్. పెన్సిల్వేనియాలోని ఇండియానా అనే ఊళ్ళో డూగన్ ఫ్యాక్టరీ దీనికి ప్రసిద్ధి. ఆ పాలరంగు పులిమింది కాదు. ఎముకబూడిద కలిపిన గాజు కొద్దిగా చల్లారాక మళ్ళీ వేడి తగిలితే తెల్లబడుతుంది, పలుచని అంచుకి ఆ వేడి ముందు తగులుతుంది.

అన్నిట్లోకీ ఖరీదు ఎరుపు. 1920ల్లో ఫెంటన్ సెలీనియంతో చేసింది. కొలిమిలోంచి పసుపుగా వచ్చి, రెండోసారి కాల్చినప్పుడు ఎర్రబడుతుంది. కాపు సరిగా పడకపోతే నడుమ పసుపు మిగిలిపోతుంది. అలాంటిదాన్ని ఆంబెరీనా అంటారు, ఎరుపు ధర రాదు. ఎర్రగా ఉందని అమ్మకందారు చెప్పిన వస్తువు అడుగు పసుపుపచ్చగా ఉంటే, బేరం అక్కడ మొదలుపెట్టండి.

గుర్తుల విషయంలో చాలామంది తడబడతారు. వీలింగ్‌లో హ్యారీ నార్త్‌వుడ్ తన సరుకు చాలావాటి మీద వృత్తంలో గీత కొట్టిన ఎన్ అక్షరం వేశాడు. అన్నిటి మీదా వేయలేదు. అతను 1919లో పోయాడు, ఫ్యాక్టరీ 1925లో ఆగింది. పాత అచ్చులు కొనుక్కుని తర్వాతి కాలంలో మళ్ళీ పోయించిన ఎల్.జి. రైట్ కంపెనీ సరుకులో వృత్తంలో ఎన్‌కి ఇంకో కాలు తగిలించినట్టుండే గుర్తు కనిపిస్తుంది. భూతద్దం లేకపోతే అదీ ఇదీ ఒకటే. తొలినాటి ఫెంటన్ కార్నివాల్ మీద అసలు ఏ గుర్తూ ఉండదు. కోడిగుడ్డు ఆకారపు గడిలో ఫెంటన్ అని పోత పోసి ఉంటే అది 1970 తర్వాతిది. ఆ పేరు కింద చిన్న 8 ఉంటే 1980లు, 9 ఉంటే 1990లు. ఒకదాని మీద ఒకటి పడ్డ ఐ, జి అక్షరాలు ఇంపీరియల్ మలివిడత పోతలవి. మలి పోతలు చెడ్డవని కాదు. ఫెంటన్ 1970లు, 80ల పని చాలా నిక్కమైనది. 1910 నాటి ధరకి కొనకూడదు, అంతే.

పాత సామాన్ల దుకాణాల్లో అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ద్రాక్షగుత్తుల నీలి జగ్గూ, గ్లాసుల సెట్టూ చూసి. ఇండియానా గ్లాస్ అనే వేరే కంపెనీ 1970ల్లో లెక్కలేనన్ని చేసి, పెద్ద దుకాణాల ద్వారా అమ్మింది. ముక్కలన్నీ ఒకే తీరున ఉంటాయి. అంచుని చేత్తో తీర్చిన జాడ ఉండదు, మెరుపు లోపలా బయటా ఒకే మోతాదులో పరుచుకుని ఉంటుంది. మా మటుకు మేం వాటిని మంచినీళ్ళకి వాడుకోమంటాం.

ఆర్థిక మాంద్యం నాటి గాజు వేరే దారి. చేతిపని తగ్గి యంత్రం వచ్చాక, 1929 నుంచి ఓ పదేళ్ళ పాటు గులాబి, ఆకుపచ్చ, తేనెరంగుల్లో పళ్ళేలు గుట్టలుగా దిగాయి. ఓట్స్ డబ్బాలో ఓ గిన్నె పెట్టి ఇచ్చేవారు. సినిమాహాళ్ళలో డిష్ నైట్ పేరుతో వారానికో ముక్క ఇచ్చేవారు. టికెట్ కొని వెళ్తూ ఉంటే సెట్టు పూర్తయ్యేది. అందుకే ఇవాళ్టికీ సాసర్లు కొల్లలు, వెన్నగిన్నెల మూతలు కరువు. జనెట్‌వాళ్ళ చెర్రీ బ్లాసమ్ అనే నమూనా 1930 నుంచి 1939 దాకా నడిచింది, ఆడమ్ 1932 నుంచి 1934 వరకే. మక్బెత్ ఎవాన్స్ కంపెనీ అమెరికన్ స్వీట్‌హార్ట్ తెల్లపళ్ళెం మాకందరికీ ఇష్టం. అంచు ఎంత పలచనంటే వెనక వేళ్ళు పెడితే నీడ కనిపిస్తుంది, వెలుతురులో ఆ అంచు నీలి ఛాయ కొడుతుంది.

ఈ గాజులో బుడగలు, అచ్చు అతుకుల గీతలు, కొద్దిపాటి వంకర ఉండటం సహజం. చవక సరుకు, చవగ్గానే చేశారు. మరీ శుభ్రంగా, మరీ మందంగా ఉంటేనే అనుమానించాలి. చెర్రీ బ్లాసమ్ నకళ్ళు 1970ల నుంచి ఉన్నాయి. పాతదాంట్లో ఆకు ఈనెలు నిజం ఆకులో ఉన్నట్టే ఉంటాయి, నకలులో గడ్డిపరకలు పేర్చినట్టు నిటారు గీతలు. ఫెడరల్ కంపెనీ తన మాడ్రిడ్ నమూనాని 1976లో మళ్ళీ పోసి, నిజాయతీగా 76 అంకె వేసింది. తర్వాత అచ్చులు చేతులు మారి ఆ అంకె మాయమైంది. దాంతో మాడ్రిడ్ కొనేవాళ్ళందరికీ తలనొప్పి మిగిలింది.

అతినీల టార్చి గురించి రెండు మాటలు. 365 నానోమీటర్లది తీసుకోండి. 395ది చవక, కానీ దాని సొంత ఊదా వెలుగులోనే సగం విషయం మునిగిపోతుంది. చీకటి గదిలో ఆకుపచ్చ గాజు నిమ్మపచ్చగా వెలిగితే యురేనియం ఉన్నట్టు. రంగులేని గాజు మసకగా పచ్చబడితే అది మాంగనీసు. వెలగడం వయసుకి సాక్ష్యం కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం యురేనియాన్ని బిగబట్టినా 1958 తర్వాత మళ్ళీ వదిలింది, ఫెంటన్ వంటివాళ్ళు దాంతో కొత్త వస్తువులు చేశారు. షోకేసులో పెట్టుకోవడానికి భయం లేదు. అందులో నిమ్మకాయ పచ్చడి నిల్వ పెట్టే పని మాత్రం వద్దు.

కొనే ముందు కళ్ళు మూసుకుని అంచు చుట్టూ వేలు తిప్పండి. కంటికి దొరకని పెచ్చు గోటికి దొరుకుతుంది. పెచ్చులేచిన అంచుని అరగదీసి నునుపు చేసి అమ్మడం పాత విద్య. కార్నివాల్‌లో దీన్ని పట్టడం సులువు. అరగదీసిన కొన మీద మెరుపు పోయి లోపలి గాజు రంగు బయటపడుతుంది, పక్క కొనలతో పోలిస్తే అది పొట్టిగా కూడా ఉంటుంది. లోపల మసక కనిపిస్తే అది సున్నపు పేరుకుపోతా, గాజు జబ్బా అన్నది తేల్చాలి. సాదా గాజైతే వెనిగరూ నీళ్ళూ సమంగా కలిపి అరగంట నాననిస్తే సున్నం పోతుంది. పోలేదంటే నీళ్ళు ఏళ్ళ తరబడి గాజులోని క్షారాన్ని లాగేసి పైపొరని తినేశాయని. డిష్‌వాషర్ చేసే చెరుపు ఇదే, దానికి మందు లేదు. తడిపితే మాయమై ఆరాక తిరిగొస్తుంది. కొందరు దాన్ని దాచడానికి నూనె రాసి బల్ల మీద పెడతారు. చేతికి జిడ్డు తగిలితే వదిలేయండి. పూత ఉన్న గాజుకి, బంగారు గీతలున్నవాటికి వెనిగరు పెట్టకండి.

కడిగేటప్పుడు సింకులో మందపాటి తువ్వాలు పరిచి, కొళాయిని పక్కకి తిప్పేయండి. విరిగేవాటిలో సగం ఆ కొళాయికి తగిలే. గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. ఇది ఇప్పటి వంటగాజు కాదు, వేడికి తట్టుకోదు. పొయ్యి మీంచి దించిన చారు పోస్తే అడుగు టప్పుమంటుంది, మైక్రోవేవ్ మాట ఎత్తనే కూడదు. చలికాలంలో పోస్టులో వచ్చిన పెట్టెని వెంటనే విప్పే తొందర కూడా ఇంతే చెరుపు. గడ్డకట్టిన గాజుకి హీటరు గది గాలి ఒక్కసారిగా తగిలితే అంచు నుంచి బీటు పారుతుంది. రాత్రంతా మూసి ఉంచి పొద్దున విప్పండి. పంపేటప్పుడు గిన్నె లోపల కాగితం కూరి, మూత విడిగా చుట్టి, పెట్టెలో పెట్టె పెట్టి, మధ్య చుట్టూ రెండంగుళాలు మెత్త ఉండాలి. ఊపితే చప్పుడు రాకూడదు. పళ్ళేల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ప్రతి రెంటి మధ్యా కాగితపు పళ్ళెం ఒకటి వేయండి, లేకపోతే పూత గీసుకుపోతుంది.

ధరలు పడిపోయాయని బాధపడేవాళ్ళున్నారు. ఈబే వచ్చాక దేశం నలుమూలలా ఎంత సరుకుందో ఒక్కసారిగా బయటపడి, అరుదనుకున్నవి అరుదు కాదని తేలింది. దాచుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి కాలం రాదని మా అభిప్రాయం.

మన వైపు పాత షోకేసుల్లో కూడా దీని చుట్టం ఒకటి దొరికే అవకాశం ఉంది. గాజుల ఊరు ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ మారిగోల్డ్ పూతతో పూలకుండీలు, గ్లాసులు చేసింది. ఏనుగు, చేప, కుండీని పట్టుకున్న చెయ్యి వంటి ఆకారాల్లో వచ్చినవి ఇప్పుడు విదేశీ సేకరణదారులు వెతుక్కుంటున్నారు. ఇవి నొక్కినవి కావు, అచ్చులోకి ఊదినవి, కాబట్టి అమెరికా సరుకుతో పోలిస్తే చాలా పలచన. కొన్నిటి మీద జైన్ అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పోతలోనే ఉంటుంది. కొన్నిట్లో అది నగిషీలో కలిసిపోతుంది కాబట్టి పక్కవాటుగా వెలుతురు పడేలా పట్టుకుని వెతకాలి. మెడ పట్టుకుని ఎత్తకండి, అడుగు కింద చెయ్యి పెట్టి ఎత్తండి. పగుళ్ళు ముందు వచ్చేది ఆ మెడ దగ్గరే.